పూత బరువా, రేకు బరువా?

(అమలాపురంలో సంగీతాభిమానులు కలుసుకున్న ఒక సాయంత్రం, రాజమండ్రికి చెందిన వాద్యాల మరమ్మతు పనివాడొకరు మాట్లాడిన మాటలకు ఇది అక్షర రూపం.)

పెద్దలకి నమస్కారం. పిల్లలకి ఆశీస్సులు. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను పిలిచినవాళ్లు మొదట వీణ గురించి మాట్లాడమన్నారండి. వీణ గురించి నాకంటే తెలిసినవాళ్లు ఈ ముందు వరసలోనే ఉన్నారు. వాళ్ల ఎదురుగా నోరు విప్పితే పరువు పోతుంది. అందుకని, నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి ఒకటి చెప్తానన్నాను. అదే ఈ గిటారుకి బంగారు రంగు వేసే సంగతి. విషయం చిన్నదే కానీ తవ్వితే చాలా లోతుంది.

మా నాన్నగారు వడ్రంగి. హార్మోనియం తిత్తులు మార్చేవారు, వీణకి మైనం పోసి మెట్లు కట్టేవారు. నా చేతికి వచ్చేసరికి పనంతా గిటార్లే. మన డెల్టాలో ఏ ఊరి చర్చికి వెళ్లినా ఒక గిటారు కనిపిస్తుంది, కాలేజీ పిల్లల దగ్గర ఇంకోటి. నా దగ్గరికి వచ్చేవాటిలో సగం తేమకి ఉబ్బినవి, మిగతా సగం మోటారు సైకిలు మీద నుంచి పడ్డవి.

మూడేళ్ల కిందట నవంబరులో ఒక కుర్రాడొచ్చాడు. కోనసీమ కుర్రాడే, ఊరు చెప్పను. చేతిలో మంచి అకౌస్టిక్ గిటారు. పై పలక నిజమైన స్ప్రూస్ చెక్క, ప్లైవుడ్ కాదు. వాళ్ల నాన్న చేపల చెరువు మీద నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది కొనిపెట్టాడట. ఫోనులో ఒక బొమ్మ చూపించి, "బాబాయ్ గారూ, క్రిస్మస్‌కి దీన్ని ఇలా బంగారంలా చేసివ్వాలండి" అన్నాడు. ఆ బొమ్మలో ఉన్నది ఎలక్ట్రిక్ గిటారు. తేడా నాకు తెలుసు. తెలిసి కూడా సరేనన్నాను. కుర్రాడి ముఖం చూసి కాదనలేకపోయానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను కానీ, నిజానికి నాకే సరదా పుట్టిందండి.

బంగారు పౌడరు తెచ్చాను. పెద్ద పెద్ద ఇళ్ల గేట్లకి నల్ల రంగు వేసి, పైన ఈటె మొనలకి గోల్డ్ కొడతారు చూడండి, అదే జాతి పౌడరు. ఎన్‌సీ క్లియర్, అంటే నైట్రోసెల్యులోజ్‌తో చేసే రంగులేని లక్కర్, అందులో కలిపి స్ప్రే గన్‌తో కొట్టాను. ఒక చోట మెరుపు, ఒక చోట మబ్బు. ఇంకో కోటు వేశాను. చారలు పడ్డాయి. ఇంకో కోటు. పైన చెయ్యి పెడితే పౌడరు అంటుకుంటోందని, కార్లకి వేసే టూ కే క్లియర్, అదే గట్టిపడే మందు వేరేగా కలిపి కొట్టేది, దట్టంగా నాలుగు కోట్లు దిగ్గొట్టాను. తర్వాత నీళ్ల పేపరు, అంటే తడిపి రుద్దే ఉప్పుకాగితం, పట్టి, బఫ్ కొట్టి, వెలుతుర్లో పెట్టి చూస్తే అబ్బో, పెళ్లికొడుకులా ఉంది. క్రిస్మస్‌కి ఇచ్చేశాను. కుర్రాడు నా చేతులు పట్టుకున్నాడు.

జనవరిలో ఫోను. "బాబాయ్ గారూ, దీని గొంతు పోయిందండి."

వేసవి దాటేసరికి ఇంకో కబురు. కుడి మోచెయ్యి ఆనే చోట, అంచు మీద పచ్చటి మరక. తీసుకొచ్చి చూపిస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మ చింతపండు పెట్టి బిందె మీద తోమే చిలుము, అచ్చంగా అదే. గిటారుకి చిలుము పట్టింది! (నవ్వులు)

ఈ రెండు తప్పులకీ రెండు వేరు వేరు కారణాలు. ముందు చిలుము సంగతి చూద్దాం, ఎందుకంటే మనకి అది పరిచయమున్న శత్రువు.

బజార్లో 'బ్రాంజ్ పౌడర్' అని అమ్ముతారు. బ్రాంజ్ అంటే మన భాషలో కంచు, రాగిలో తగరం కలిపితే వచ్చేది. కానీ ఆ డబ్బాలో ఉండేది కంచు కాదండి, ఇత్తడి. రాగీ, జింకూ. జింకు పాలు పెరిగేకొద్దీ రంగు ఎరుపు నుంచి పసుపు వైపు జరుగుతుంది. తణుకు దగ్గర అజ్జరం వెళ్లి ఏ ఇత్తడి పనివాణ్ణి అడిగినా ఈ లెక్క వేళ్ల మీద చెప్తాడు. గిటారు తీగల్లో కూడా ఇదే పేర్ల గందరగోళం ఉంది. 'ఎయిటీ ట్వెంటీ బ్రాంజ్' అని అమ్మే సెట్టులో చుట్టు తీగ ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు జింకు. అదీ ఇత్తడే. ఫాస్ఫర్ బ్రాంజ్ అన్నదే నిజమైన కంచు, అందులో తగరం ఉంటుంది. కొత్త తీగలు నెలకల్లా నల్లబడుతున్నాయని పిల్లలు నా మీద విసుక్కుంటారు. ఏం చెయ్యను, రాగి ఉన్న చోట చెమటా ఉప్పుగాలీ ఊరుకోవు.

ఇక ఈ పౌడరు పుట్టుక ఒక కథ. పూర్వం దీన్ని జర్మనీలో చేత్తో కొట్టి చేసేవారు. ఇత్తడిని పల్చటి రేకులుగా సాగగొట్టి, తేనె లాంటి దానితో కలిపి నూరి, కడిగి తీసేవారు. అందుకే బంగారంలా ఖరీదు. 1840ల మొదట్లో ఇంగ్లండులో హెన్రీ బెస్సిమర్ అనే ఆయన, వాళ్ల అక్కగారి బొమ్మల పుస్తకం మీద బంగారు అక్షరాలు వేద్దామని కాస్త పౌడరు కొన్నాడు. ధర విని గుండె ఆగినంత పనైంది. లోపలున్నది ఉత్త ఇత్తడి అని తేలాక, దీన్ని యంత్రంతో ఎందుకు చెయ్యకూడదని కూర్చుని చేశాడు. పేటెంటు తీసుకుంటే గుట్టు బయటపడుతుందని, బావమరుదుల్ని పనిలో పెట్టుకుని ఏళ్ల తరబడి రహస్యంగా నడిపాడు. ఆ డబ్బుతోనే తర్వాత 1856లో ఉక్కు చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టాడు. ఆయన ఇత్తడి దంచుకుంటున్న ఆ దశాబ్దంలోనే ఇక్కడ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్లు మోయిస్తున్నాడు. మన గేటు మొనల మెరుపూ, లోకంలో ఉక్కు చవకవ్వడమూ ఒకే మనిషి జేబులోంచి వచ్చాయంటే నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. సరే, దారి తప్పాను.

గిటారు మీదికి ఈ పౌడరు పెద్ద ఎత్తున వచ్చింది 1952లో. అమెరికాలో గిబ్సన్ కంపెనీ, లెస్ పాల్ అనే గిటారు వాద్యకారుడి పేరుతో ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చింది. పై భాగమంతా బంగారు రంగు, అందుకే దాన్ని గోల్డ్‌టాప్ అంటారు. అదే ఏడాది ఈఎస్-295 అని లోపల డొల్లగా ఉండే గిటారుని ఒళ్లంతా బంగారు రంగుతో తెచ్చారు. రెండింటికీ నైట్రో లక్కర్లో బ్రాంజ్ పౌడరే. ఆ పాత గిటార్లు ఇవాళ చూస్తే చెయ్యి రాసుకున్న చోటల్లా లక్కర్ అరిగి, పచ్చటి చిలుము వలయాలు కనిపిస్తాయి. అమెరికాలో దాన్ని ముచ్చటగా చూసుకుంటారు, పాతదనానికి గుర్తని. మన ఇంట్లో అయితే అమ్మ చింతపండు తీసుకుంటుంది.

నా గిటారుకి అప్పుడే ఎందుకు పట్టిందీ అంటే, అంచు దగ్గర నీళ్ల పేపరు పట్టేటప్పుడు పైపూత కొట్టుకుపోయింది. అంచుల దగ్గర ఎప్పుడూ జరిగేదే, నేను చూసుకోలేదు. ఇత్తడి బయటపడింది. దాని మీద కుర్రాడి చెమట, సముద్రపు గాలి. ఇంకేం కావాలి.

ఇప్పుడు గొంతు సంగతి. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, లెక్కలున్నాయి.

ఎలక్ట్రిక్ గిటారులో తీగ కదలికని పికప్ పట్టుకుంటుంది, స్పీకరు పాడుతుంది. చెక్క మీద మీరు లప్పం పూసినా పెద్దగా పట్టించుకోదు. అకౌస్టిక్ గిటారుకి స్పీకరు ఏదంటే ఆ పై పలకే. తీగ ఒంటరిగా మోగితే ఈ గది దాటదు. తీగ బ్రిడ్జిని, అంటే పలక మీద తీగలు కట్టే చెక్క ముక్కని, ఊపుతుంది, బ్రిడ్జి పలకని ఊపుతుంది, పలక గాలిని నెడుతుంది. ఆ పలక మందం ఎంతనుకున్నారు? మూడు మిల్లీమీటర్ల లోపే. ఆరు తీగలూ కలిపి డెబ్బై కిలోలకి పైగా లాగుతుంటే, ఆ పల్చటి చెక్క వంగిపోకుండా నిలబడాలి, పైగా పాడాలి. బియ్యం బస్తా మోస్తూ పాట పాడినట్టు.

పెద్ద సైజు గిటారు, డ్రెడ్‌నాట్ అంటారు, దాని పై పలక సుమారు పదిహేను వందల చదరపు సెంటీమీటర్లు. రెండు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్ల మందం వేసుకోండి. స్ప్రూస్ తేలిక చెక్క, నీటి బరువులో నలభై శాతం. మొత్తం లెక్కేస్తే నూట డెబ్బై గ్రాముల లోపు. అంతే! ఒక మాదిరి మామిడికాయ బరువు కూడా లేదు. దాని మీద పదో వంతు మిల్లీమీటరు పూత వేస్తే పదహారు, పదిహేడు గ్రాములు. మంచి గిటార్లు చేసేవాళ్లు ఇంచుమించు అంత దగ్గరే ఆగుతారు. నేను వేసింది దానికి మూడింతలు. యాభై గ్రాములండి! పలక బరువులో మూడో వంతుకి దగ్గర. పాడే మనిషి ఛాతీ మీద ఇసుక మూట పెట్టాను.

బరువు ఒక్కటే అయినా పోనీ అనుకోవచ్చు. చెక్క కదలికని పూత మింగుతుంది కూడా. చెక్క పొడుగునా నార ఉంటుంది, దెబ్బ కొడితే ఖంగుమంటుంది. ప్లాస్టిక్ లాంటి పూతకి ఆ గుణం లేదు, కదలికని వేడిగా మార్చి ఊరుకుంటుంది. మొదట పోయేది పై స్వరాల తళుకు. కుర్రాడు 'గొంతు పోయింది' అన్నది సరిగ్గా ఆ మాటే. కంచుకి మోగే గుణం ఉంటుంది, కనకానికి ఉండదని మనకి చిన్నప్పుడే బళ్లో నూరిపోశారు. నేను విన్నానే కానీ చెవికెక్కించుకోలేదు.

మన పాతవాళ్లు వీణకి లక్క పాలిష్ ఎందుకు పట్టేవారో అప్పుడు అర్థమైంది. లక్కని స్పిరిట్‌లో కరగబెట్టి, గుడ్డ మూటతో రోజుల తరబడి రుద్దుతారు. వందసార్లు రుద్దినా పొర తెలియదు. స్పెయిన్ వాళ్లు మంచి క్లాసికల్ గిటార్లకి చేసేదీ ఇదే. ఆ లక్క మన దేశపు పురుగు ఇచ్చే సరుకు. చెమటకీ వేడికీ ఆగదని దాని మీద ఫిర్యాదు ఉంది, ఒప్పుకుంటాను.

(సభలోంచి: "మేస్త్రీ గారూ, మరి మన తేమకి రంగు ఆరదు కదండీ?")

ఆయ్, మంచి మాట అడిగారు. వానాకాలంలో ఎన్‌సీ లక్కర్ కొట్టి చూడండి, ఐదు నిమిషాల్లో పలక మీద పాల మీగడ కట్టినట్టు తెల్లబారుతుంది. థిన్నర్ గబగబా ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది. చల్లటి గ్లాసు మీద నీటి బొట్లు పట్టినట్టే గాలిలో తేమ పూతలోకి దిగుతుంది. ఊరికే క్లియర్ అయితే మళ్లీ కాస్త నెమ్మదిగా ఆరే థిన్నర్ చల్లితే తెలుపు పోతుంది. బంగారు పౌడరు ఉంటే మాత్రం పోదు. ఎందుకంటే ఆ పౌడరు గుండ్రటి రేణువులు కాదు, చేప పొలుసుల్లాంటివి. పూత ఆరుతుండగా అవి పడుకుని సర్దుకుంటాయి. అన్నీ ఒకే తీరున పడుకుంటే అద్దంలా మెరుపు, అటొకటి ఇటొకటి లేస్తే మబ్బు. మళ్లీ థిన్నర్ చల్లితే అవి కదిలి చారలు పడతాయి. అందుకే నేను చెప్పేది, బంగారు పూత పని ఏదైనా ఎండలు ముదరకముందు, పొడి గాలి ఉన్న రోజు చూసుకుని పెట్టుకోండి. పొలుసుల పొర మీద మాత్రం ఎప్పుడూ పేపరు పట్టకండి. పొలుసు తెగితే బంగారం బూడిదవుతుంది. పేపరు పైనున్న క్లియర్ మీదే. ఒకసారి గీత పడితే ఆ ముక్క వరకే సరిచెయ్యడం కుదరదు, అతుకు తెలిసిపోతుంది. మాస్కు లేకుండా ఈ పౌడరు ముట్టుకోవద్దు, దగ్గర్లో నిప్పు ఉంచుకోవద్దు. టూ కే రకానికి మామూలు గుడ్డ మాస్కు చాలదు.

ఇంకోటి మర్చిపోతాను. బ్రిడ్జి అతికే చోట రంగు ఉండకూడదు. జిగురు చెక్కని పట్టుకోవాలి, రంగుని పట్టుకుంటే డెబ్బై కిలోల లాగుడుకి రంగుతో సహా లేచొస్తుంది. నేను చూశాను, టపీమని ఒక రాత్రి, ఇంట్లో దొంగలు పడ్డారనుకున్నారు.

(సభలోంచి ఒక అమ్మాయి: "చిలుము పట్టని గోల్డ్ లేదా అంకుల్?")

ఉందమ్మా. అభ్రకం. మన నెల్లూరు వైపు గూడూరు గనుల్లో దొరికేది. అభ్రకం పొలుసుల మీద టైటానియం, ఇనుము ఆక్సైడుల పల్చటి తొడుగు వేస్తారు, వెలుతురు పడితే బంగారంలా కనిపిస్తుంది. పెర్ల్ పౌడర్ అంటారు. రాగి లేదు కాబట్టి చిలుము లేదు. ఇత్తడి పౌడరు కప్పినంత దట్టంగా కప్పదు, కింద లేత పసుపు వేసుకోవాలి. నన్నడిగితే అకౌస్టిక్‌కి ఇదే చాలు, అదీ పలకంతా కాదు. అంచు చుట్టూ కొట్టి మధ్యకి వచ్చేసరికి చెక్క రంగులో కలిపేస్తే అందంగా ఉంటుంది, బ్రిడ్జి చుట్టూ ఉన్న చెక్కకి బరువు పడదు. వెనక పలక, పక్కలు, తల మీ ఇష్టం, అక్కడ మెరిపించండి.

ఇక ఆ కుర్రాడి గిటారు ఏమైందో చెప్పలేదు కదూ. నెల రోజులు గీకాను. రసాయనాలు వాడితే అంచు పట్టీలు కరిగిపోతాయని, బ్లేడుతో, ఉప్పుకాగితంతో గీకాను. చెక్క రంధ్రాల్లో ఇరుక్కున్న ఇత్తడి తళుకు పూర్తిగా పోనేలేదు. చెక్క కనిపించిన రోజున తీగలు కట్టి మోగిస్తే గొంతు తిరిగొచ్చింది. కుర్రాడు ఊరుకోవాలా? "బాబాయ్ గారూ, గొంతు వచ్చిందండి, మరి బంగారం?" అన్నాడు.

అప్పుడు ఆత్రేయపురం గుర్తొచ్చింది. మా పిన్నిగారు పూతరేకులు చేసేది. బోర్లించిన కుండ మీద జావ ముంచిన గుడ్డ ఇలా లాగితే అలా రేకు లేస్తుంది. పూత వేస్తే రేకు వస్తుంది. పేరులోనే రెండూ ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ పూత పట్టుకు వేళ్లాడాను, రేకు సంగతి ఆలోచించలేదు. తంజావూరు బొమ్మల మీద అంటించేది బంగారు రేకు. నిజమైన బంగారం. రేకుల్లో పల్చటి రకం మందం మైక్రాన్‌లో పదో వంతు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మళ్లీ లెక్క వెయ్యండి. బంగారం నీటి కంటే పంతొమ్మిది రెట్లకి పైగా బరువు, అయినా సరే పలకంతా కప్పితే ఎంతవుతుంది? మూడు వందల మిల్లీగ్రాముల లోపు. ముక్కుపుడకంత! యాభై గ్రాముల ఇత్తడి రంగు ఎక్కడ, ముక్కుపుడక ఎక్కడ. బరువైన లోహమని భయపడే బంగారమే గిటారుకి అన్నిటికంటే తేలిక. దానికి చిలుమూ లేదు.

లక్క పాలిష్ పల్చగా పట్టి, రేకు అంటుకునే జిగురు మరీ పల్చగా రాసి, అది చేతికి తగిలీ తగలనట్టు జిగటగా ఉన్న వేళ చూసి అంటించాలి. ఎనిమిది సెంటీమీటర్ల చదరాలు, ఒకదాని అంచు మీద ఒకటి, ముప్పై దాకా పట్టాయి. పైన అరగకుండా సన్నటి క్లియర్. తీగలు తీసేసి గిటారుని ముందూ తర్వాతా కాటా మీద పెట్టాను. జిగురు, క్లియర్ అన్నీ కలిపి పది గ్రాములు దాటలేదు. అతుకులు కనిపిస్తాయి, దాచలేదు. ఖర్చు మాట అడక్కండి, నా తప్పు దిద్దుకోవడానికి పెట్టుకున్నాను, ఇంకొకరికి పలకంతా చెయ్యను. కావాలంటే సౌండ్‌హోల్, అదే పలక మధ్యలో ఉండే గుండ్రటి కన్నం, దాని చుట్టూ వలయం, తల మీద పేరు, అంతవరకు చేస్తాను.

ఆ గిటారు ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నదే. కుర్రాడు కూడా వచ్చాడు, సిగ్గుపడి వెనక కూర్చున్నాడు. పక్కనున్నది నేను పాత పద్ధతిలోనే దట్టంగా రంగు కొట్టిన ఇంకో గిటారు, మీకు చూపించడానికి. ఇద్దరిద్దరుగా వచ్చి బ్రిడ్జి పక్కన వేలి కణుపుతో మెల్లగా కొట్టి వినండి. రంగు కొట్టినదాన్ని కొడితే డబ్ అంటుంది. రేకు అంటించినదాన్ని కొడితే మోత కాసేపు ఆగదు.

రేకు ఎలా ఉంటుందో కూడా చూద్దురుగాని, కాగితాల మధ్య రేకులు పెట్టి అమ్మే పుస్తకం ఒకటి తెచ్చాను. అమ్మా, ఆ స్విచ్ బోర్డు దగ్గరున్నది మీరేనా? ఉక్కపోతే, తెలుసు, ఒక్క రెండు నిమిషాలు ఓర్చుకోండి. ఫ్యాన్లన్నీ కట్టెయ్యండి. ఆ కిటికీ కూడా వెయ్యండి బాబూ. ఆ... ఇప్పుడు దగ్గరికి రండి, గట్టిగా ఊపిరి వదలకండి.